లివర్ పేరు చెప్పి మానేస్తున్న మాత్రలు

కడుపు స్కానింగ్ రిపోర్టులో ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అన్న ముక్క కనబడగానే చాలామంది చేసే మొదటి పని, రోజూ వేసుకునే మాత్రల్లో ఏదో ఒకటి ఆపేయడం. వేటు ఎక్కువగా కొలెస్ట్రాల్ మాత్ర మీద పడుతుంది. అది లివర్‌ను పాడుచేస్తుందట అని ఎవరో అంటారు, అంతే. ఆ వెంటనే ‘లివర్‌ను శుభ్రం చేసే’ పొడి ఒకటి ఇంట్లోకి వస్తుంది. వేసుకోవాల్సింది ఆపేసి, అక్కర్లేనిది మొదలుపెట్టే ఈ తలకిందుల వ్యవహారాన్ని వైద్యలోకం చూసీచూడనట్టు వదిలేస్తోందని మా అభిప్రాయం.

కాలేయ కణాల్లో 5 శాతానికి మించి కొవ్వు చేరితే దాన్ని ఫ్యాటీ లివర్ అంటారు. మద్యం అలవాటు లేనివారి కాలేయం కూడా కొవ్వుతో, వాపుతో దెబ్బతింటుందని అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 1980లోనే వివరించారు. పొట్ట చుట్టూ కొవ్వు, షుగర్, బీపీ, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు, ఇవన్నీ ఈ జబ్బుకు చుట్టాలే. 2023లో అంతర్జాతీయ నిపుణుల సంఘాలు జబ్బు పేరును కూడా ఆ ప్రకారమే, ఒంటి జీవక్రియ లోపాలతో ముడిపెట్టి మార్చాయి. అందుకే ఫ్యాటీ లివర్ ఉన్నవారి మరణాలకు ప్రధాన కారణం కాలేయం కాదు, గుండె, రక్తనాళాల జబ్బులు. అలాంటి మనిషి లివర్‌ను కాపాడుకుందామని గుండెను కాపాడే మాత్రను పక్కన పెడితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

స్టాటిన్లు అనే ఈ కొలెస్ట్రాల్ మాత్రల మీద ఉన్న అనుమానం ఊరికే పుట్టలేదు. అవి మొదలుపెట్టాక కొందరి రక్తంలో ఎస్జీపీటీ అనే లివర్ ఎంజైము కాస్త పెరుగుతుంది. చాలావరకు అది దానంతటదే సర్దుకుంటుంది. కాలేయం నిజంగా దెబ్బతినడం చాలా అరుదు. ఎంత అరుదంటే, ఈ మాత్రలు వాడేవారికి క్రమం తప్పకుండా లివర్ పరీక్షలు చేయిస్తూ ఉండాలన్న నియమాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లో తీసేసింది. మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆపైన అవసరమైతేనే చాలంది. కాలేయం పూర్తిగా చేతులెత్తేసిన దశ వేరు. మామూలు ఫ్యాటీ లివర్ మాత్రం స్టాటిన్ మానడానికి కారణం కాదు.

కాలేయంలో కొవ్వు పెంచే మందులు లేవా అంటే, ఉన్నాయి. గుండె లయ తప్పినప్పుడు ఇచ్చే అమియోడరోన్, రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామోక్సిఫెన్, మూర్ఛకు వాల్‌ప్రోయేట్, కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు మెథోట్రెక్సేట్, ఎక్కువకాలం వాడే స్టెరాయిడ్లు ఆ కోవలోవే. కానీ ఇవన్నీ అంతకంటే పెద్ద ముప్పును ఆపి ఉంచుతున్నవి. వాల్‌ప్రోయేట్‌ను ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ తిరగబెడతాయి. టామోక్సిఫెన్ ఆపితే క్యాన్సర్ మళ్లీ వచ్చే అవకాశం పెరుగుతుంది. మోతాదు తగ్గించాలా, మందు మార్చాలా, పరీక్షలతో కనిపెడుతూ కొనసాగించాలా అన్నది రాసిన డాక్టరు తేల్చాలి. ఈ సంగతి మందు రాసిన రోజే చెప్పి ఉంటే, స్కానింగ్ రిపోర్టు చూసి జనం టెన్షన్ పడరు. రెండు నిమిషాల మాట అది. ఆ రెండు నిమిషాలు దొరకవు.

అసలు భయపడాల్సిన చోట మాత్రం ఎవరికీ భయం లేదు. పారాసెటమాల్‌నే తీసుకోండి. సరైన మోతాదులో అది మంచి మందు, ఫ్యాటీ లివర్ ఉన్నవారు కూడా వాడదగ్గదే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి రోజుకు 4 గ్రాములు పైహద్దు. మద్యం అలవాటున్నవారికి, బాగా బక్కచిక్కినవారికి, సిర్రోసిస్ (కాలేయం మచ్చలుకట్టి గట్టిపడిపోవడం) ఉన్నవారికి వైద్యులు దాన్ని ఇంకా తగ్గిస్తారు. ఈ మందులో కొంత భాగం కాలేయంలో విషపదార్థంగా మారుతుంది. గ్లూటాథయోన్ అనే రసాయనం దాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తుంటుంది. మోతాదు మీరితే ఆ నిల్వ అడుగంటి కణాలు చచ్చిపోతాయి. మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియదు. అదే దీని మోసం. ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది, కానీ 8 గంటల్లోపు ఇస్తేనే బాగా పనిచేస్తుంది. బ్రిటన్‌లో, అమెరికాలో కాలేయం హఠాత్తుగా విఫలమవడానికి మొదటి కారణం ఈ మందే. మోతాదు మీరడం ప్రతిసారీ తెలిసి జరగదు. జలుబు మాత్రలో, నొప్పి మాత్రలో, జ్వరం మాత్రలో పారాసెటమాల్ ఉంటుంది. పేర్లు వేరు కాబట్టి మూడూ వేసుకుంటారు.

దీనికి మార్గం లేకపోలేదు. ఒక్కో ప్యాకెట్టులో అమ్మే మాత్రల సంఖ్యకు బ్రిటన్ 1998లో హద్దు పెట్టింది. ఆ తర్వాత పారాసెటమాల్ మరణాలు తగ్గాయి. వైద్యుల చీటీ మీద ఇచ్చే మిశ్రమ మాత్రల్లో ఈ మందు 325 మిల్లీగ్రాములు దాటకూడదని ఎఫ్‌డీఏ 2011లో కంపెనీలను కోరింది. కనీసం ప్రతి మిశ్రమ మందు అట్ట మీద పారాసెటమాల్ అన్న మాటను బ్రాండ్ పేరంత అక్షరాలతో వేయించడానికి ఏ ప్రభుత్వానికైనా అడ్డేమిటి?

సప్లిమెంట్ల సంగతి ఇంకా అన్యాయం. బరువు తగ్గడానికి అమ్మే గ్రీన్ టీ సారం, మిరియాల సారం కలిపిన పసుపు గుళికలు, కండల కోసం వాడే స్టెరాయిడ్లు కాలేయాన్ని దెబ్బతీసిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కప్పులో తాగే టీ వేరు, గుళికలో కుక్కిన సారం వేరు. గ్రీన్ టీలోని ఈజీసీజీ అనే పదార్థం సప్లిమెంట్ల ద్వారా రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన ఒంట్లోకి వెళితే లివర్ ఎంజైములు పెరగొచ్చని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. ఇక ‘లివర్ డిటాక్స్’ సరుకు ఫ్యాటీ లివర్‌ను తగ్గిస్తుందనడానికి నమ్మదగిన రుజువే లేదు. మందులకు అడిగే రుజువులు వీటికి ఎందుకు అడగరు?

రిపోర్టులోని గ్రేడ్ కూడా మనుషుల్ని తప్పుదారి పట్టిస్తోంది. అది కొవ్వు ఎంతో సుమారుగా చెబుతుంది. కాలేయం ఎంత గట్టిపడిందో, అంటే ఫైబ్రోసిస్ ఎంతో చెప్పదు. ముందుముందు ఏమవుతుందో తేల్చేది ఆ ఫైబ్రోసిసే. ఎస్జీపీటీ మామూలుగా ఉన్నా అది ఉండొచ్చు. వయసు, ఎస్జీఓటీ (ఇదీ లివర్ పరీక్షలో చూసే ఎంజైమే), ఎస్జీపీటీ, ప్లేట్‌లెట్లు, ఈ నాలుగు అంకెలతో ఫైబ్రోసిస్ ముప్పును అంచనా వేసే ఫిబ్-4 లెక్క కట్టవచ్చు. 1.3 కంటే తక్కువైతే ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం తక్కువ. 65 దాటినవారికి ఆ గీత 2. అంతకు మించితే కాలేయం గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ లాంటి పరీక్ష అవసరమవుతుంది. చేసిన పరీక్షల అంకెలే కాబట్టి ల్యాబులే రిపోర్టు అడుగున ఆ లెక్క అచ్చువేసి ఇవ్వాలి.

చికిత్సలో మొదటి స్థానం ఇప్పటికీ బరువుదే. ఒంటి బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా తగ్గుముఖం పడుతుంది. ఈ జబ్బుకు మందులుగా అమెరికాలో 2024లో రెస్మెటిరోమ్‌కు, 2025లో సెమాగ్లూటైడ్‌కు అనుమతి వచ్చింది. అయితే అవి ఫైబ్రోసిస్ మధ్యస్థం నుంచి ముదిరిన దశలో ఉండి, ఇంకా సిర్రోసిస్ రానివారి కోసం. స్కానింగ్‌లో గ్రేడ్ 1 అని వచ్చిన ప్రతి ఒక్కరికీ కాదు.

కొత్త మందు మొదలుపెట్టాక కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా, ఒళ్లంతా దురద, వికారం పట్టుకున్నా సంగతి వేరు. మందు వల్ల కాలేయ కణాలు దెబ్బతిని, ఎస్జీపీటీ మామూలు పైహద్దుకు మూడు రెట్లు, కామెర్లను పట్టిచ్చే బిలిరుబిన్ రెండు రెట్లు దాటితే పదిమందిలో ఒకరి వరకు ప్రాణం మీదికి రావచ్చు. అప్పుడు వచ్చే వారం అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. తర్వాతి మాత్ర వేసుకునే ముందే డాక్టరుకు ఫోన్ చేసి, అదే రోజు రక్తపరీక్ష చేయించుకోవాలి. గత ఆరు నెలల్లో వాడిన మాత్రలు, గుళికలు, పొడులు అన్నీ వెంట తీసుకెళ్లాలి.