సవరణ: మూడు రెట్ల సంఖ్యను మూడుతో గుణించడం గురించి

(తనతో సహా) భాజకాల మొత్తం తనకు సరిగ్గా మూడు రెట్లుండే ఏ సంఖ్యను మూడుతో గుణించినా నాలుగు రెట్ల సంఖ్య, అంటే భాజకాల మొత్తం తనకు నాలుగు రెట్లుండే సంఖ్య, వస్తుందని ఇంతకు ముందు రాశాను. అది తప్పు, ఆ సంఖ్య మూడుతో భాగింపబడకూడదన్న నియమాన్ని వదిలేశాను. 120 భాజకాల మొత్తం 360, అంటే మూడు రెట్లు. కానీ 360 భాజకాల మొత్తం 1170 మాత్రమే, కావలసిన 1440 కాదు. మూడు భాజకంగా లేనప్పుడు పాత భాజకాలూ, వాటి మూడింతలూ ఎక్కడా కలవకుండా విడివిడిగా నిలుస్తాయి కనుక మొత్తం నాలుగింతలవుతుంది. 120కి మూడు ముందే భాజకం కావడంతో 3, 6, 12 వంటివి రెండు జాబితాల్లోనూ పడతాయి. నియమానికి లోబడే 459818240ను మూడుతో గుణిస్తే వచ్చే 1379454720 నిజంగానే నాలుగు రెట్ల సంఖ్య. ఈ అందమైన ఫలితానికి ప్రాణం ఆ నియమమే కాబట్టి, దాన్ని వదిలేసినందుకు పాఠకులను మన్నించమని కోరుతున్నాను.