మహారాజశ్రీ 8080 పోర్టు గారికి

మహారాజశ్రీ 8080 పోర్టు గారికి మాదాపూర్ నుంచి సర్వర్లు చూసుకునే ఒక డెవాప్స్ ఉద్యోగి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. అంటే మీరు కుశలం. మా కుబెర్నెటీస్ క్లస్టర్ (మా యాప్‌లను నడిపే కంప్యూటర్ల గుంపు) సంగతి చెప్తాను.

పోర్టులంటే నెట్‌వర్క్ నుంచి కంప్యూటర్‌లోని యాప్‌లను చేరే నంబర్ల తలుపులు. అవి 0 నుంచి 65535 దాకా ఉన్నాయి. 1024 లోపువి మామూలుగా రూట్ (సిస్టమ్ పెద్ద) అనుమతి లేనిదే దొరకవు, పోనీయండి. మిగతావి వేలకు వేలు ఈగలు తోలుకుంటున్నా జనమంతా మీ గుమ్మం ముందే. టామ్‌క్యాట్‌కు మీరే కావాలి. జెంకిన్స్‌కూ మీరే. నిన్నగాక మొన్న చేరిన కుర్రాడి స్ప్రింగ్ బూట్ యాప్‌కూ మీరే. వెబ్‌కు అసలు తలుపైన 80 గారు దొరకనప్పుడు పనికొస్తారని మిమ్మల్ని పెట్టుకుంటే, ఇప్పుడు మీ డాబు ముందు ఆయనే చిన్నబోతున్నారు.

శుక్రవారం సాయంత్రం, అందరూ రాయదుర్గ్ మెట్రోకి బయల్దేరే వేళ, మేనేజర్ గారికి కొత్త వెర్షన్ ఎక్కించాలని బుద్ధి పుడుతుంది. ఎక్కిస్తాం. పాడ్ (యాప్ నడిచే పొట్లం) పెండింగ్. డిస్క్రైబ్ కమాండుతో కారణం అడిగితే ఈవెంట్స్‌లో ఒకటే ఏడుపు: అడిగిన పోర్టు ఏ నోడ్‌లోనూ (క్లస్టర్‌లోని ఏ కంప్యూటర్‌లోనూ) ఖాళీ లేదు. ఎందుకుంటుంది? మెహదీపట్నం బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు, ఎవరో మహానుభావుడు యామల్ అనే సెట్టింగుల ఫైల్లో హోస్ట్‌పోర్ట్ 8080 (అంటే నోడ్ సొంత 8080నే ఈ పాడ్‌కు ఇవ్వాలి) అని రాసి, ఆనక వేరే కంపెనీకి వెళ్లిపోయాడు.

మావి మూడు నోడ్లు, మూడు రెప్లికాలు (ఒకే పాడ్‌కు నకళ్లు), నోడ్‌కొకటి. యాప్‌ను విడతలుగా మార్చే రోలింగ్ అప్‌డేట్‌లో పాతవాటిని పాతిక శాతం దాకా దించొచ్చని డిఫాల్ట్ రూలు. మూడింట్లో పాతిక శాతమంటే ముప్పావు పాడ్. దాన్ని కిందికి సర్దితే సున్నా. కాబట్టి కొత్తవాడు సిద్ధమైతేగానీ పాతవాడు లేవడు, పాతవాడు లేస్తేగానీ కొత్తవాడికి చోటు లేదు. మీరు మాత్రం మధ్యలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటారు.

న్యాయంగా చెప్పాలంటే తప్పు మీది కాదు. కుబెర్నెటీస్‌లో ప్రతి పాడ్‌కూ సొంత ఐపీ (నెట్‌వర్క్ అడ్రసు) ఉంటుంది. వంద పాడ్లు వంద 8080లు పెట్టుకున్నా గొడవ రాదు. వాటి ముందు, వచ్చిన పనిని పాడ్లకు పంచే ఒక సర్వీసు, బయటివాళ్ల కోసం గేటులా ఒక ఇంగ్రెస్ పెడితే చాలు. ఆ హోస్ట్‌పోర్ట్ లైను తీసేస్తే మా శుక్రవారం మాకు దక్కుతుంది. తీయరు. 'పనిచేస్తోంది కదా, కెలకొద్దు' అంటారు.

ఒకే పాడ్‌లో రెండు కంటైనర్లు (యాప్ డబ్బాలు) ఉంటే కథ వేరు. వాటికి నెట్‌వర్క్ ఉమ్మడి. ఇద్దరూ మిమ్మల్నే అడిగితే ఒకరు లేవడం, పడడం, క్రాష్‌లూప్. అప్పుడు ఒకాయన వచ్చి యామల్‌లో కంటైనర్‌పోర్ట్ 8081 అని దిద్ది కాలరెగరేస్తాడు. అది బోర్డు మాత్రమే నాయనా, యాప్ సెట్టింగ్ మార్చనిదే లోపల అది ఇంకా 8080నే పట్టుకుని వేలాడుతోంది!

కనుక తమరు దయచేసి కొన్నాళ్లు సెలవు పెట్టి, మీ అభిమానులకు మిగతా పోర్టులను కూడా పరిచయం చేయవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
ఆన్‌కాల్‌లో ఉన్న విధేయుడు

తా.క. 9090 గారు ఖాళీగా ఉన్నారని మొన్న ఒకరు సలహా ఇచ్చారు. వెళ్లి చూస్తే మానిటరింగ్ చేసే ప్రొమిథియస్ ఎప్పుడో కాపురం పెట్టేసింది.