పదిహేడు రాళ్ల జీర్ణోద్ధరణ

పాత వాచీని బాగు చేయించుకోవడం గృహస్థు సొంత వ్యవహారమనీ, పదిమందిలో చర్చకు పెట్టవలసినంత విశేషం అందులో ఏమీ ఉండదనీ మొన్నటి వేసవి దాకా నేనూ అమాయకంగా నమ్మేవాణ్ణి. మా నాన్నగారి హెచ్.ఎం.టి. జనతా వాచీని బీరువాలోంచి బయటికి తీసిన రోజున ఆ నమ్మకం పోయింది. ఇంటి పన్ను రసీదులు, కలరా ఉండలు, ఎవరిదో ఎవరికీ గుర్తులేని ఒక కళ్లజోడు ఉన్న స్టీలు డబ్బాలో అది ఇరవై ఏడేళ్లుగా విశ్రాంత జీవితం గడుపుతోంది. తోలు బెల్టు పట్టుకోగానే అప్పడంలా విరిగింది. గ్లాసు శుక్లాలు కమ్మిన కన్నులా తెల్లబారింది. ఆగిపోయిన గడియారమైనా రోజుకు రెండుసార్లు సరైన సమయం చూపిస్తుందని ఒక పాత ఓదార్పు ఉంది గాని, మా వాచీ ఆ మాత్రపు పరువు కూడా దక్కించుకోలేదు. నిమిషాల ముల్లు ఊడిపోయి, ఎటు వంచితే అటు గ్లాసు కింద దొర్లుతోంది.

దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పకుండా ముందుకు సాగడం ధర్మం కాదు. ఈ దేశ చరిత్రలో 1961 ఒక విశిష్టమైన సంవత్సరం. వరకట్న నిషేధ చట్టం ఆ ఏడాదే వచ్చింది. జపానుకు చెందిన సిటిజెన్ కంపెనీ సాంకేతిక సహకారంతో హిందుస్థాన్ మెషీన్ టూల్స్ సంస్థ బెంగళూరులో చేతి గడియారాల తయారీ మొదలుపెట్టిందీ ఆ ఏడాదే. మొదటి వాచీలను సాక్షాత్తూ నెహ్రూగారే విడుదల చేశారు. కట్నం కోసం చాపవద్దని చెప్పిన చేతికే సర్కారు స్వయంగా వాచీ తయారుచేసి తొడిగిందన్నమాట. ఈ రెండు విధానాలనూ సమన్వయపరిచే బాధ్యతను తెలుగువాళ్లు అలకపాన్పుకు అప్పగించారు. 1972లో మా నాన్నగారు ఆ పాన్పు మీద కూర్చుని, సైకిలు అన్నా కదలక, రేడియో అన్నా కదలక, జనతా వాచీ అన్న తరువాతే పాలగ్లాసు అందుకున్నారని మా మేనత్తల సాక్ష్యం. అది కట్నం కాదనీ లాంఛనమనీ ఇరుపక్షాల పెద్దలూ అక్కడికక్కడే తీర్మానించారు. అటుపైన పాతికేళ్లు ఆయన దాన్ని కట్టుకుని తెనాలి నుంచి ఒక పల్లెటూరి బడికి బస్సులో వెళ్లివచ్చారు. ఒక్కరోజూ బస్సు తప్పలేదు. ఆ ఘనత యావత్తూ వాచీదేనని మా ఇంటిల్లిపాది విశ్వాసం.

డయలు మీద 17 జ్యువెల్స్ అని రాసి ఉండడం వల్ల మా బంధువర్గంలో ఆ వాచీకి నగతో సమానమైన హోదా ఉండేది. విక్రమార్కుడి కొలువులోనే తొమ్మిది రత్నాలుంటే అల్లుడి మణికట్టుకు పదిహేడు తొడిగిన మామను చూడండని మా తాతగారు బతికినన్నాళ్లూ చెప్పుకున్నారు. అవి కార్ఖానాలో తయారైన కృత్రిమ కెంపులనీ, చక్రాల ఇరుసులు అరిగిపోకుండా ఆనించే రాళ్లు మాత్రమేననీ ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. వాచీ ఆగిపోయాక ఆ రాళ్లు తీయించి దుద్దులు చేయించుకోవచ్చునేమో కనుక్కోమని మా పెద్దత్తయ్య ఒకసారి కబురంపింది కూడా.

మరమ్మతు నిమిత్తం మొదట ఏసీ ఉన్న ఒక దుకాణానికి వెళ్లాను. అక్కడి యువకుడు వాచీని అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకోకుండానే రోగనిర్ణయం చేశాడు. "లోపల మిషను తీసేసి సెల్లు మిషను వేసేద్దాం సార్. పైన పాత కేసే ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలీదు. మళ్లీ రోజూ కీ ఇచ్చే బాధ కూడా ఉండదు" అన్నాడు. ఈ మాటలను నేను చాలా రోజులు మననం చేసుకున్నాను. గుండె, కాలేయం, ఊపిరితిత్తులు తీసి అవతల పారేసి, చర్మం మాత్రం జాగ్రత్తగా అట్టేపెట్టి, రోగి కులాసాగా ఉన్నాడు తీసుకెళ్లండని చెప్పే వైద్యం ఇది. పైగా ఈ సంగతి బంధువులకు కూడా తెలియదన్న హామీ ఒకటి. ఇక కీ ఇచ్చే బాధ అన్నాడు గదా, రోజుకు అర నిమిషం పట్టే ఆ పనిని బాధల పట్టికలో చేర్చిన నాగరికత, తరువాతి దశలో అమ్మకు ఫోను చేసే బాధను కూడా తప్పించే సెల్లు ఒకటి కనిపెట్టకుండా ఊరుకుంటుందని నేను అనుకోను.

అయితే తప్పు ఆ కుర్రవాడిది కాదని నెమ్మదిమీద బోధపడింది. మన దగ్గర జీర్ణోద్ధరణ అన్న మాటకు స్థిరపడిన అర్థమే అది. మా అమ్మమ్మగారి ఊళ్లో శివాలయానికి కొన్నేళ్ల కిందట దాతలు పూనుకుని జీర్ణోద్ధరణ జరిపించారు. నల్లరాతి స్తంభాలకు మీగడ రంగు ఎనామిల్ పెయింటు పూశారు. నందికి తెలుపు, నంది మెడలోని గంటలకు బంగారు రంగు వేశారు. వందల ఏళ్లుగా అరికాళ్లకు అలవాటైన రాతి నేల మీద స్నానాలగదిలో పరిచే టైల్సు పరిచారు. అక్షరాలున్న ఒక పాత రాయి గోడలో అడ్డుగా ఉందని దాని మీద దాతల పేర్ల పాలరాతి ఫలకం బిగించారు. గుడి ఇప్పుడు నిన్న సాయంత్రం కట్టినట్టు ఉందని ఊరంతా పొంగిపోయింది. శిథిలమైనదాన్ని నిలబెట్టడం కన్నా, అది ఎప్పుడూ పాతబడలేదని నమ్మించడం మనకు సులువు. వాచీకి వేరే న్యాయం ఎందుకుంటుంది?

ఇంట్లో అభిప్రాయసేకరణ జరిపాను. "కొత్త డయలు వేయించి, బంగారు పాలిష్ పెట్టించండి. పెళ్లిళ్లకు పెట్టుకెళ్లడానికైనా పనికొస్తుంది" అని మా ఆవిడ అన్నది. పాత వాచీలు సేకరించే మేనల్లుడు బెంగళూరు నుంచి వీడియో కాల్‌లో వచ్చి, "తుడవకు మామయ్యా! గుడ్డ కూడా పెట్టకు! ఆ ప్యాటినాయే దాని విలువ" అని కేకపెట్టాడు. ప్యాటినా అంటే మురికికి అంతర్జాతీయ విపణిలో ఉన్న పేరని ఆనాడే తెలుసుకున్నాను. ఇద్దరి వాదనలోనూ వాచీ నడవాలన్న ప్రస్తావన లేదు. ఒకరికి అది మెరవాలి, ఒకరికి మాసి ఉండాలి. మా అబ్బాయి మాత్రం తలెత్తి, "హెచ్.ఎం.టి. అంటే బియ్యం కదా నాన్నా?" అన్నాడు.

వాడి అజ్ఞానాన్ని ఖండించబోయి ఆగాను, ఎందుకంటే వాడి మాటలో చరిత్ర ఉంది. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాకు చెందిన దాదాజీ ఖోబ్రాగడే అనే చిన్న రైతు 1980లలో తన పొలంలో వేరుగా కనిపించిన వరి కంకులను ఏరి, ఏళ్ల తరబడి సాగుచేసి ఒక సన్నరకం వడ్లు తయారు చేశాడు. దానికి ఒక పేరు కావలసి వచ్చినప్పుడు, అప్పట్లో జనం నోళ్లలో బాగా నానుతున్న వాచీ పేరే పెట్టాడు. ఇవాళ హైదరాబాదు కిరాణా కొట్లో హెచ్.ఎం.టి. అని అడిగితే పాతిక కిలోల బస్తా తెచ్చి ముందు పడేస్తారు. ఏ మణికట్టును అలంకరించాలని కంపెనీ పుట్టిందో ఆ మణికట్టు మీంచి అది జారిపోయి, కంచంలో తేలింది.

జారిపోవడం అధికారికంగా కూడా జరిగింది. 2016 జనవరిలో కేంద్ర ప్రభుత్వం హెచ్.ఎం.టి. వాచీల సంస్థను మూసివేయాలని నిర్ణయించింది. ఆ వార్త వచ్చిన తరువాతే జాతికి ఆ వాచీ మీద ఎంత ప్రేమ ఉన్నదో బయటపడింది. బతికుండగా గంజి పోయని కొడుకు తద్దినానికి గారెలు వండించినట్టుగా, సెల్లు వాచీలు వచ్చిన కొత్తలో వీటిని అటకెక్కించినవాళ్లే అటకలు దులపసాగారు. గిరాకీ ఉన్నచోట సరఫరా తనంతట తానే పుట్టుకొస్తుంది గనుక, అంగళ్లలోనూ ఆన్‌లైనులోనూ తళతళలాడే పాత వాచీలు ప్రత్యక్షమయ్యాయి. వాటి డయళ్ల మీద కంపెనీ కలలో కూడా ఊహించని రంగులుంటాయి. నల్లటి ముఖంతో గంభీరంగా ఉండవలసిన పైలట్ వాచీ ఒకటి గులాబీ రంగులో ముస్తాబై, అరుదైన నమూనా అన్న బిరుదుతో నాకే ఎదురుపడింది. మూడు చచ్చిన వాచీల భాగాలు కలిపి, నాలుగోదాని కేసులో బిగించి, ఐదోదాని పేరు అచ్చు వేస్తే ఒక వింటేజి వాచీ తయారవుతుంది. మా శివాలయం దాతలకు ఈ పద్ధతి ఇంకా తెలియకపోవడం ఆ నంది చేసుకున్న అదృష్టం.

చివరికి సుల్తాన్ బజారులో ఒక మేడమెట్ల కింద, రెండడుగుల బల్ల ముందు కూర్చునే ఒక పెద్దమనిషి దగ్గరకు చేరాను. జీర్ణోద్ధరణ తత్త్వం మీద నేను సిద్ధం చేసుకున్న ఉపన్యాసంలో ఆయన ఒక్క ముక్కా వినలేదు. కంటికి భూతద్దం బిగించి, వెనక మూత తీసి, కాసేపు చూసి, "ఎవరో ఒకసారి గెలికిండ్రు" అన్నాడు. తరువాత శ్రావణం మొనతో లోపలి చక్రాన్ని ఒకటి తాకి, "నూనె ఎండిపోయింది. స్ప్రింగు కొస తెగింది. బ్యాలెన్సు బతికే ఉంది సార్, అది ఉంటే అన్నీ ఉన్నట్టే" అన్నాడు. సాయంత్రం రమ్మన్నా కదలకుండా అక్కడే స్టూలు మీద కూర్చున్నాను.

ఒక్కొక్క మరా విప్పి, చిన్న గాజు గిన్నెలోని పెట్రోలులో వేశాడు. ఆవకాయ జాడీ అడుగున మిగిలే మడ్డిలాంటిది చక్రాల సందుల్లోంచి ఊడి పెట్రోలు రంగు మార్చింది. అగ్గిపుల్ల కన్నా సన్నని పుల్లను బ్లేడుతో మొన చెక్కి, ఒక్కొక్క రాతి గుంటలో పెట్టి తిప్పి, పుల్ల శుభ్రంగా బయటికి వచ్చేదాకా మళ్లీ చెక్కి మళ్లీ తిప్పాడు. మా తాతగారి రత్నాలను నేను అప్పుడే మొదటిసారి చూశాను. ఆవగింజ పక్కన పెడితే ఆవగింజే ఆస్తిలా కనబడుతుంది. ఎండిన భాగాలను రబ్బరు బుడ్డితో గాలి కొట్టి ఆరబెట్టి, బల్ల మీద బోర్లించిన గాజుగ్లాసు కింద దాచాడు. తెగిన స్ప్రింగుకు బదులు, పాత పళ్లపొడి డబ్బాలో తన వంతు కోసం ఎదురుచూస్తున్న పదుల కొద్దీ మృత వాచీల్లోంచి ఒకదాన్ని ఎంచి తీశాడు. తీగ మొనతో నూనె పెట్టాడు, ఏ రాతికి ఎంత కావాలో అంతే. చీమ ఏడిస్తే అంతకన్నా ఎక్కువ తడి వస్తుంది. ఆఖరున బ్యాలెన్సు చక్రాన్ని దించి, మర బిగించాడు. అది రెండుసార్లు తూలి, మూడోసారికి దారి గుర్తొచ్చినట్టు ఊగడం మొదలుపెట్టింది. ఆయన దానివైపు ఇంకోసారి చూడకుండా టీ చెప్పాడు.

డయలు మీద ఆరు అంకె దగ్గర ఉన్న తుప్పు మరక సంగతి అడిగాను. "కడిగితే అచ్చు పోతది, ఉండనీయండి" అన్నాడు. గ్లాసు మార్చమన్నాను. "ఎందుకు? ప్లాస్టిక్కే గదా, ఇంట్ల పళ్ల పేస్టు పెట్టి రుద్దుండ్రి" అన్నాడు. ఎక్కువ కీ ఇస్తే స్ప్రింగు తెగుతుందని నాన్నగారు మమ్మల్ని ఆ వాచీ ముట్టుకోనిచ్చేవారు కాదని చెబితే, నిండాక కీ తనంతట తానే ఆగుతుందనీ, ఆగాక బలవంతం చేయకపోతే చాలనీ ఒక్క వాక్యంలో మా బాల్యాన్నంతా కొట్టిపారేశాడు. 800 రూపాయలు తీసుకున్నాడు. అవసరమైనది మార్చి, అక్కరలేనిది ముట్టుకోని ఈ మనిషికి ఏ దేవాలయ పునరుద్ధరణ సంఘంలోనూ సభ్యత్వం దొరకదని నేను పూచీ పడగలను.

వాచీ నడుస్తున్నదన్న వార్త విని మేనల్లుడు స్వయంగా దిగాడు. ఫోనులో ఏదో యాప్ తెరిచి, వాచీని మైకు దగ్గర పెట్టి, ఇంటిల్లిపాదినీ ఊపిరి బిగబట్టమన్నాడు. సెకనుకు ఐదు టిక్కులు. గంటకు 18,000. అంటే రోజుకు 4,32,000. ఆ అంకె విని పంచాంగం చదివే అలవాటున్న నేను ఉలిక్కిపడ్డాను. కలియుగ ప్రమాణం సరిగ్గా అన్నే సంవత్సరాలు. కీ ఇచ్చినవాడి మణికట్టు మీద రోజుకొక కలియుగం గడిచిపోతోందన్నమాట. ఇది ఉత్త కాకతాళీయమని ఎంత మొత్తుకున్నా, మన ఋషుల దగ్గర వాచీలుండేవని ఎవరో ఒకరు తప్పకుండా ఫార్వర్డు పంపుతారు గనుక, ఆ పాపంలో నా వాటా ఇప్పుడే ఒప్పుకుంటున్నాను.

వాచీ రోజుకు 24 సెకన్లు ముందుకు పోతోందని యాప్ తేల్చింది. మేనల్లుడి ముఖం మాడిపోయింది. నేను మాత్రం సంతోషించాను. 24 సెకన్లంటే మన పూర్వుల లెక్కలో కచ్చితంగా ఒక విఘడియ. రోజుకు 3,600 విఘడియల్లో ఒక్కటి మాత్రమే తప్పే ఉద్యోగిని, అందులోనూ ఆలస్యంగా కాక ముందుగా వచ్చేవాణ్ణి, ఇరవై ఏడేళ్ల సెలవు తరువాత కూడా అదే క్రమశిక్షణతో తిరిగి చేరినవాణ్ణి, నేను ఇంతవరకు ఏ కార్యాలయంలోనూ చూడలేదు. అయినా మేనల్లుడి తృప్తి కోసం మళ్లీ సుల్తాన్ బజారు వెళ్లాను. పెద్దమనిషి వెనక మూత తీసి, ఒక సన్నని మీటను వెంట్రుకవాసి జరిపి, డబ్బులు వద్దన్నాడు. ఇప్పుడు తేడా రోజుకు నాలుగైదు సెకన్లు. పేస్టుతో రుద్దిన గ్లాసు తేటపడింది. కొత్త తోలు బెల్టు వేశాను. ఫోనులోని సమయంతో సెకనుకు సెకను సరిచూసి ముళ్లు కలిపి, ఆ వాచీని తీసుకెళ్లి మా అమ్మ చేతిలో పెట్టాను.

అమ్మ దాన్ని ముందు చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నది. తరువాత కళ్లజోడు సవరించుకుని గోడ గడియారం వైపు చూసింది, వాచీ వైపు చూసింది, మళ్లీ గోడ వైపు చూసింది.

"సరిగ్గా చెయ్యలేదురా వాడు" అన్నది.

సరిగ్గానే ఉందనీ, సెకన్లతో సహా ఉందనీ, యాప్ పెట్టి చూశామనీ మేనల్లుడూ నేనూ ఒకేసారి చెప్పబోయాం.

"అదేరా నేననేది. మీ నాన్నగారు ఎప్పుడూ ఐదు నిమిషాలు ముందుకు పెట్టుకునేవారు. ఆ వాచీ మా ఇంట ఏనాడు సరైన టైము చూపించింది గనక? లేకపోతే ఆయనకు ఆ బస్సు అందేదనుకున్నావా?"

మేనల్లుడు ఏదో అనబోయి నా ముఖం చూశాడు. నేను కీ పైకి లాగి, నిమిషాల ముల్లును ఐదు గీతలు ముందుకు జరిపి, మళ్లీ నొక్కి, వాచీ అమ్మకిచ్చాను.