తంజావూరు వెళ్లి పుస్తకం చూడకుండా వస్తున్నాం

తమిళనాడు యాత్ర అనగానే మనవాళ్ల లిస్టు దాదాపు ఒకేలా ఉంటుంది. కంచి, చిదంబరం, కుంభకోణం, తంజావూరు, శ్రీరంగం, మధుర, రామేశ్వరం. తంజావూరులో బస్సు పెద్దగుడి దగ్గర ఆగుతుంది. దర్శనం, నంది దగ్గర ఫొటో, పిల్లలకి తలాడించే బొమ్మ ఒకటి, మళ్లీ బస్సు. అక్కణ్నుంచి నడిచి వెళ్లేంత దూరంలో రాజుల కోట ఉంది. ఆ కోటలోనే సరస్వతీ మహల్ గ్రంథాలయం. నాయక రాజుల కొలువులో మొదలై, మరాఠా రాజుల చేతుల్లో పెరిగి, 1918లో జనం కోసం తలుపులు తెరిచింది. అందులోని 40,000కు పైగా రాతప్రతుల్లో సంస్కృతం, తమిళం, మరాఠీతో పాటు మన తెలుగు తాళపత్రాలూ ఉన్నాయి.

ఉన్నాయి అంటే సరిపోదు. ఒకప్పుడు తెలుగు కవిత్వానికి ఆ ఊరే రాజధాని. రఘునాథ నాయకుడు, ఆయన కొడుకు విజయరాఘవ నాయకుడు స్వయంగా తెలుగు కవులు. కవయిత్రి రంగాజమ్మ రాసింది అక్కడే. తర్వాత వచ్చిన షాహజీ మరాఠా రాజై ఉండి తెలుగులో యక్షగానాలు రాశాడు. ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం అనే కావ్యాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ అచ్చు వేయిస్తే, అశ్లీలమని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులు హయాంలో గానీ ఆ నిషేధం పోలేదు. ఇదంతా మనం ‘దక్షిణాంధ్ర యుగం’ అనే పది మార్కుల ప్రశ్నగా చదివి, పరీక్ష అయ్యాక వదిలేశాం. ఆ యుగానికి ఒక కోట ఉందని, మనం వెళ్లి నిలబడగలిగే ఒక గది ఉందని మాకు ఏ మాస్టారూ చెప్పలేదు.

‘మనమేమైనా పండితులమా, అక్కడ చూడ్డానికి ఏముంటుంది?’ అని అడిగేవాళ్లను ముందు ఆ గ్రంథాలయం మ్యూజియంలోకి తీసుకెళ్లాలి. 1798 నుంచి 1832 దాకా గద్దె మీదున్న రెండో శరభోజికి పుస్తకాలంటే ప్రాణం. ష్వార్జ్ అనే మతబోధకుడి దగ్గర చదువుకున్నవాడు. యూరప్ నుంచి ఇంగ్లిష్, ఫ్రెంచ్, జర్మన్ పుస్తకాలు తెప్పించుకుని వాటి మీద సంతకం పెట్టుకునేవాడు. ఆయన కంటి వైద్యం కూడా చేయించాడు. రోగి కన్ను ఎలా ఉందో రంగుల్లో బొమ్మ గీయించి, పక్కన చికిత్స వివరాలు రాయించాడు. ఎర్రబడిన కన్ను, పొర కమ్మిన కన్ను... ఆ బొమ్మల ముందు నుంచి తొందరగా కదలలేం. ఎవరివో పేరు తెలియని మామూలు మనుషుల కళ్లు అవి, రెండు వందల ఏళ్ల తర్వాత తిరిగి మనవైపు చూస్తుంటాయి. ఇంకోచోట 17వ శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు లె బ్రన్ బొమ్మలు. మనిషి ముఖం పక్కనే అదే పోలికలున్న జంతువు ముఖం, పక్షి ముఖం. ఏడేళ్ల పిల్లాడు కూడా వాటి ముందు ఆగిపోతాడు.

ఇక తాటాకు. రెండు మూడు వేళ్ల వెడల్పు ఉంటుంది. దాని మీద గంటంతో గీసి, మసి రుద్దితే అక్షరం పైకి తేలుతుంది. పద్యానికీ పద్యానికీ మధ్య ఖాళీ వదలరు, పంక్తి చివరి దాకా గొలుసులా వెళ్లిపోతుంది. చదవడం రాకపోయినా ఫర్వాలేదు. ఒక్క అక్షరం తప్పు పడితే చెరపడం కుదరని చోట, పాదాల కొద్దీ తడబడకుండా గీసిన చెయ్యి మనకు కనబడుతుంది.

నాకు బలంగా అనిపించే విషయం ఇంకొకటుంది. ఈ నిధులన్నీ ప్రయాణాల వల్లే పోగయ్యాయి. శరభోజి 1820లో కాశీయాత్రకు బయల్దేరాడు. గంగలో మునిగి ఊరుకోలేదు, ప్రతులు సేకరించి తెచ్చుకున్నాడు. కంపెనీ సర్వేయరు మెకంజీ దొర కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, మనకు మిగిలాయంటే, ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య ఊళ్లు తిరిగి కరణాలను, పూజారులను అడిగి రాయించడం వల్లే. 1820లో కడప చేరిన ఇంగ్లిష్ అధికారి సి.పి. బ్రౌన్ అక్కడ బంగళా కొని, సొంత జీతంలోంచి పండితులను పెట్టుకుని, ఎక్కడెక్కడి నుంచో ప్రతులు తెప్పించి పోల్చి చూపించాడు. వేమన పద్యాలు 1829లో అచ్చయింది ఆ శ్రమతోనే. ఆ బంగళా ఉన్న చోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి గ్రంథాలయం లేపారు. వాళ్లు ఎడ్లబళ్ల మీద, గుర్రాల మీద తిరిగి కూడబెట్టినదాన్ని మనం ఏసీ బస్సులో పక్క వీధి దాకా వెళ్లి కూడా చూడ్డం లేదు.

ఇప్పుడు అన్నీ స్కాన్ చేస్తున్నారు కదా అంటారు. చేయాలి, ఇంకా వేగంగా చేయాలి. కానీ స్కాన్‌లో అక్షరం వస్తుంది, ఆకు బరువు రాదు. కట్టను పట్టి ఉంచిన తాడు, పురుగు తొలిచిన దారి, రాజు సంతకం పెట్టిన సిరా రంగు ఫోన్ స్క్రీన్ మీద ఒకలాగే కనబడతాయి.

తప్పంతా యాత్రికుడిది కూడా కాదు. కొన్నేళ్ల కిందట ఒక పాత గ్రంథాలయానికి వెళ్లి, అరుదైన పుస్తకాల బీరువా చూడొచ్చా అని అడిగాను. ‘రీసెర్చ్ స్కాలరా?’ అన్నారు. కాదన్నాను. ‘మరి మీకెందుకు?’ అన్నారు. తాళంచెవి ఉన్నాయన ఆ రోజు సెలవు. నాకు కోపం రాలేదు గానీ బాధ కలిగింది. ఏడాదికి ఒక్కరు కూడా అడగని బీరువా తాళంచెవి ఎక్కడుందో ఎవరికి గుర్తుంటుంది? అడిగేవాళ్లు లేనప్పుడు పురుగుమందుకీ బైండింగ్‌కీ డబ్బు అడిగే ధైర్యం ఆ ఉద్యోగికి మాత్రం ఎక్కణ్నుంచి వస్తుంది? అందుకే పరిశోధకులకే కాదు, దారిన పోయే యాత్రికుడికీ ఈ గదులు తెరవాలంటాను. రోజుకొక్కసారి, ఒక్క ఆకు తీసి, అందులోని ఒక్క పద్యం పైకి చదివి వినిపిస్తే చాలు. దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. టూరిజం శాఖల ప్యాకేజీల్లో గుడి పక్కన ఒక గంట ఈ చోట్లకూ కేటాయించాలి. తిరుమల క్యూలో గంటలు నిలబడే మనం అదే కొండ మీదున్న మ్యూజియం దాకా వెళ్లడానికి మాత్రం అలసిపోతాం.

మన దగ్గరే ఉన్న ఇంకో చోటు వేటపాలెం. అక్కడి సారస్వత నికేతనం 1918లో పుట్టింది. భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర అక్కడ భద్రంగా ఉంది. పాత ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంపుటాలున్నాయి. వీకెండ్‌లో చీరాల బీచ్‌కి వచ్చే కార్లు వేటపాలెంలో జీడిపప్పు కోసం ఎలాగూ ఆగుతాయి. వచ్చే వారం మా అన్నయ్య వాళ్లు పిల్లలతో అటు వెళ్తున్నారు. మా నాన్న పుట్టిన సంవత్సరం పత్రికల సంపుటం అడిగి, ఆ వారం మన జిల్లా వార్తలు ఏం వేశారో చూసి, పిల్లల చేత చదివించి నాకు ఫోన్ చేయమని చెప్పాను.