వార్డులో నిద్ర కూడా వైద్యమే

కర్నూలు పెద్దాసుపత్రికి ఆదోని, ఆలూరు, పత్తికొండ నుంచే కాదు, గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా వయసు మళ్లిన రోగులు వస్తారు. సర్కారు వార్డయినా, ప్రైవేటు గదైనా, ఏ ఊరి ఆసుపత్రయినా ఈ వయసువాళ్ల కష్టం ఒకటుంది: రాత్రిళ్లు కంటి మీద కునుకుండదు. జబ్బన్నాక ఇది మామూలేనని అందరూ సర్దుకుపోతున్నారు. సర్దుకుపోవలసిన విషయం కాదిది.

ఒంటిగంటకు బీపీ, రెండింటికి ఇంజెక్షన్, నాలుగున్నరకు రక్తం శాంపిల్. ఒక్కరి కోసం లైటు వేస్తే వార్డంతా మేలుకోవాలి. ట్రాలీ చక్రాల కీచుమోత, మంచం పక్కన చాప పరుచుకున్న బంధువుల ఫోన్లు, గేటు బయట హారన్లు. ఆసుపత్రి చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద మండలంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్దం 40 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. అమలు చేయించాల్సింది పోలీసులు, అధికారులే.

వయసు మీద పడ్డాక గాఢనిద్ర ఎలాగూ తగ్గుతుంది. ఆపైన వరుసగా రాత్రిళ్లు నిద్ర చెడితే కొందరు పగలో రాత్రో తెలియని స్థితికి వెళతారు. కన్నకొడుకునే ఎవరు నువ్వని అడుగుతారు, సెలైన్ సూది పీకేసుకుంటారు. చాదస్తమనో, గాలి సోకిందనో ఇంట్లోవాళ్లు హడలిపోతారు. డాక్టర్లు దీన్ని డెలీరియం అంటారు. ఇన్ఫెక్షన్, కొన్ని మందులు, ఒంట్లో నీరు తగ్గడంతో పాటు నిద్రలేమి కూడా దీనికి దారితీయగలదు. నిద్రమాత్రతో సరిపెట్టడం ఇంకా ప్రమాదం. వాటిలో చాలావాటితో పెద్దవాళ్లకు తికమక పెరుగుతుంది, బాత్రూమ్‌కని లేచి పడి తుంటి విరగ్గొట్టుకునే భయమూ ఉంది.

అమెరికాలోని యేల్ యూనివర్సిటీ పరిశోధకులు 70 ఏళ్లు, ఆపైబడిన 852 మంది రోగులపై చేసిన అధ్యయనాన్ని 1999లో ప్రచురించారు. పడుకునే ముందు వేడి పానీయం ఇచ్చారు, వీపు మర్దన చేశారు, వార్డులో చప్పుడు తగ్గించారు, నిద్రకు అడ్డురాకుండా మందుల వేళలు మార్చారు. నడిపించడం, కళ్లజోడు అందించడం వంటి పనులూ జోడించారు. మామూలు పద్ధతిలో 15 శాతం మందికి డెలీరియం వస్తే, ఇలా చూసుకున్నవారిలో 9.9 శాతానికే వచ్చింది.

రాత్రి డ్యూటీలో మంచం మంచానికీ పరుగెత్తే సిస్టర్ల నెత్తిన ఈ భారమంతా వేయడం అన్యాయం. నిర్ణయం సూపరింటెండెంట్లది. నిలకడగా ఉన్న రోగికి బీపీ, ఇంజెక్షన్ ఒకే విడతలో కానివ్వాలి. అత్యవసరం కాని రక్తపరీక్షకు ఆరు దాకా ఆగవచ్చు. మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రను డాక్టరు సరేనంటే పొద్దుటికి మార్చాలి. పది దాటాక పెద్ద లైట్లు ఆర్పేయాలి. కేస్ షీట్‌లో బీపీ, జ్వరం పక్కనే నిద్రకూ ఒక గడి ఉండాలి. ఉదయం రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు అది చూసి, రాత్రి రోగిని ఎన్నిసార్లు లేపారో, అవసరమై లేపారో లేదో అడగాలి.