ముందు మందు, తర్వాత రోగం

కుండీలో ఒక్క ఆకు రంగు మారితే చాలు, ఇంటిల్లిపాదీ డాక్టర్లైపోతారు. దీనికి చదువు అక్కర్లేదు, చేతిలో చెంబు, నోట్లో అభిప్రాయం ఉంటే సరి. "నీళ్లు చాలట్లేదు" అని ఒకరు, "నీళ్లెక్కువయ్యాయి" అని ఇంకొకరు. మట్టిలో వేలు పెట్టి చూస్తే రెండు క్షణాల్లో తేలిపోతుంది. కానీ అంత తొందరగా తేలిపోతే ఇక చర్చేం మిగులుతుంది?

మా మందార తల వేలాడేసింది. దాహమని నేను తీర్పు చెప్పి, పూటకో చెంబు పోశాను. ఇంకా వాడింది. సేవలో లోపముందేమోనని రెండేసి చెంబులు చేశాను. వారం తిరక్కుండా ఆకులు రాలిపోతే కుండీ బోర్లించి చూశాను. అడుగున చిల్లు మూసుకుపోయింది. వేళ్లు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే తొక్క ఊడి చేతికొచ్చేస్తోంది, మురుగు వాసన. వేళ్లకూ గాలి కావాలట. మట్టి సందులన్నీ నీటితో నిండితే అవి ఊపిరాడక కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు కాబట్టి, పీకల్లోతు నీళ్లలో ఉన్న మొక్క కూడా దాహమేసినట్టే వాడుతుంది. మునిగిపోతున్నవాడికి మంచినీళ్లు తాగించిన ఘనత నాకు దక్కింది.

తప్పు పూర్తిగా నాది కాదు, భాషది కూడా. ఆకు "పచ్చబడింది" అంటే కోలుకున్నట్టా, పోబోతున్నట్టా? ఆకుపచ్చా పచ్చే, పసుపుపచ్చా పచ్చే! ఇలాంటి భాషలో రోగ నిర్ధారణ ఏం చేస్తాం? అసలు చూడాల్సింది రంగు ఒక్కటే కాదు, ఏ ఆకు అన్నది. కింది ముదురాకులు ముందు పాలిపోతే నత్రజని కొరత కావచ్చు. మొక్క పాత ఆకుల్లోంచి దాన్ని లాగి చిగుళ్లకు పెడుతుంది. ఇనుము అలా కదలదు. అందుకే దాని కొరత లేత ఆకుల్లో, ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్యలో వెలిసిపోయి కనిపిస్తుంది. ఈ తేడా కనిపెట్టాలంటే నడుం వంచాలి. దానికన్నా గుప్పెడు ఎరువు విసరడం సుఖం.

ఇక పురుగుల సంగతి. చిగురు మీద పేనుబంక, అంటే రసం పీల్చే బుల్లి పురుగుల గుంపు, చేరితే మనం చీమల మీద కేసు పెడతాం. చీమలు కొరికేదేమీ లేదు. బంక విసర్జించే తీపి జిగురు కోసం దాన్ని పాడిపశువులా కాపాడుకుంటాయి, అంతే. ఇంకో రోజు అదే కొమ్మ మీద నల్లటి ఒంటికి నారింజ మచ్చలతో, బుల్లి మొసలిలాంటి పురుగు పాకుతోంది. ముఖం చూడగానే దోషి అని తెలిసిపోయింది. చెప్పుతో శిక్ష అమలు చేశాను. తర్వాత తెలిసింది, అది అక్షింతల పురుగు పిల్లట. పేనుబంకను తినడమే దాని ఉద్యోగం. పెద్దయ్యాక ఎర్రగా గుండ్రంగా ముద్దొస్తుందని ఫొటోలు తీస్తాం, చిన్నప్పుడు మాత్రం చెప్పు తీస్తాం.

ఆ రాత్రి పేనుబంక పండగ చేసుకుని ఉంటుంది. మర్నాడు మిట్టమధ్యాహ్నం, మండుటెండలో, వేపనూనె కొట్టాను. అదీ ఆకుల పైన. పిండినల్లి, తెల్లదోమ లాంటివాళ్ల కాపురాలు ఎక్కువగా ఆకు అడుగునే ఉంటాయి కాబట్టి వాళ్లకు గొడుగు పట్టినట్టైంది. ఎండకీ నూనెకీ ఆకులు మాడిపోయాయి. "తెగులు ముదిరింది" అని డోసు పెంచాం.

ఆఖరికి మిరప మొక్క మీద నాకు బుద్ధొచ్చి, తెల్ల కాగితం పట్టి ఆకును దాని మీద తట్టాను. మిరియం పొడి రాలినట్టు చుక్కలు పడ్డాయి. చూస్తుండగానే రెండు చుక్కలు నడిచాయి. ఎర్రనల్లి! భూతద్దం తెచ్చి కాళ్లు లెక్కపెడితే ఎనిమిది. అంటే ఇది పురుగు కాదు, సాలీడు చుట్టం. చాలా పురుగుమందులు దీన్ని ఏమీ చేయలేవు, దీన్ని తినేవాటిని మాత్రం చంపేస్తాయి. ఆకు అడుగున నీళ్లు గట్టిగా చిమ్మి కడిగితే దానికన్నా నయం. నా చేతిలో అప్పటికే మూత తీసిన సీసా ఉంది. నల్లి నింపాదిగా కాగితం అంచు దాటి నా చొక్కా చేతి మీదికెక్కింది.