నైటీ వల్ల పుట్టిన తుపాను

తుపాన్లు ఎందుకు వస్తాయో నాకు మొన్న కార్తీక మాసంలో తెలిసింది. యాభై ఏళ్లు దాటాక తెలిసినందుకు కాస్త సిగ్గుగానే ఉంది. ఇప్పటికైనా తెలిసింది, అదే పదివేలు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, పలాస దగ్గర ఒక ఊరి కల్యాణ మండపంలో మూడు రోజుల ప్రవచనం పెట్టారు. మా మేనత్త వెళ్దామంది. ఆవిడకి డెబ్బై దాటాయి. చెవులు బాగానే వినిపిస్తాయి, మోకాళ్లే మాట వినవు. అందుకని బండి వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాను. మేం వెళ్లేసరికి గురువుగారు పట్టుపంచెలో, ఎడమవైపు ఒక కూలరూ కుడివైపు ఒక కూలరూ పెట్టుకుని, లోకం ఎంత వేడెక్కిపోయిందో చెబుతున్నారు.

"2018లో మీ ఉద్దానాన్ని తిత్లీ తుపాను ఎందుకు తుడిచిపెట్టింది? ఎప్పుడైనా ఆలోచించారా?" అని అడిగారు. ఎవరూ ఆలోచించినట్టు లేరు. ఆయనే చెప్పారు. ఆడది నైటీతో గుమ్మంలో నిలబడితే ఆ ఇంట్లో లక్ష్మి నిలవదట. లక్ష్మి లేని ఊరిని వరుణుడు వదలడట.

జనం తలలు ఊపారు. నేనూ ఊపాను. చుట్టూ రెండొందల తలలు ఊగుతుంటే మన తల ఒక్కటీ ఆపుకోవడం చాలా కష్టం, కావాలంటే ప్రయత్నించి చూడండి.

అప్పటిదాకా నేను విశాఖపట్నం తుపాను హెచ్చరికల కేంద్రం వాళ్ల మాటలు నమ్ముకుని బతుకుతున్నాను. సముద్రం పైనీళ్లు ఇరవై ఆరున్నర డిగ్రీలు దాటి వేడెక్కాలట. ఆ తేమ గాలి పైకి లేవాలట. పైన వీచే గాలులు దాన్ని చెదరగొట్టకుండా ఉండాలట. భూమి తిరగడం వల్ల అదంతా సుడి కట్టాలట. ఎంత డొంకతిరుగుడు! నైటీ అని ఒక్క ముక్కలో తేలిపోయేదానికి ఉపగ్రహాలు, రాడార్లు, కళింగపట్నం రేవులో ఒకటి నుంచి పదకొండు దాకా ప్రమాద సూచికలు. ఆ సూచికలు ఇకమీదట దండేల మీద ఆరేసిన నైటీలు లెక్కపెట్టి ఎగరేస్తే సరిపోతుంది. పది దాటితే చేపల వేటకు వెళ్లరాదు.

అయితే కొత్తగా విద్య పట్టుబడ్డవాడికి సందేహాలు కూడా ఎక్కువే పట్టుకుంటాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మామూలుగా చూస్తే అరేబియా సముద్రంలో కంటే మన బంగాళాఖాతంలో తుపాన్లు సుమారు నాలుగు రెట్లు ఎక్కువ. అంటే ఇచ్ఛాపురంలో ఒక నైటీకి పడే శిక్ష ముంబైలో నాలుగు నైటీలకు గానీ పడదన్నమాట. ఇది ఏం న్యాయం? ఇక భూమధ్యరేఖకి అటూ ఇటూ ఐదు డిగ్రీల లోపల తుపాన్లు దాదాపు పుట్టనే పుట్టవు. అక్కడి ఆడవాళ్లంతా తెల్లారగట్లే తలస్నానం చేసి, చీర కట్టి, ముగ్గు వేస్తారని అనుకోవాలి. మా మేనల్లుడు సింగపూర్‌లో వెల్డింగ్ పనిచేస్తాడు, ఫోన్ చేసి కనుక్కున్నాను. అక్కడ నైటీలు షాపుల్లోనే అమ్ముతారట, దాపరికం లేకుండా.

తేదీలు కూడా చూడండి. పైలీన్ 2013 అక్టోబర్ 12న, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న తీరం దాటాయి. ఏడాది పొడుగునా వేసుకున్న నైటీలకి అక్టోబర్ రెండో వారంలో లెక్క తేల్చడం పైలోకంలో ఆనవాయితీ కాబోలు. మనకి మార్చి 31 ఎలాగో, వాళ్లకది అలాగ. ఎటొచ్చీ పైలీన్, తిత్లీ వచ్చినవి దసరా రోజులు. తిత్లీ వచ్చిన తెల్లవారుజాము నవరాత్రుల్లో రెండో రోజు. నైటీవాళ్ల మీద వేసిన శిక్షలో అమ్మవారి పందిళ్లు కూడా ఎగిరిపోయాయి.

శిక్ష వేయడానికి పైనుంచి వచ్చినవాళ్ల పేర్లు ఇంకా బాగుంటాయి. తిత్లీ అంటే సీతాకోకచిలుక. హుద్‌హుద్ అంటే తలమీద కిరీటంలా ఈకలుండే ఒక పిట్ట. 2021 సెప్టెంబర్ 26న కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ అంటే చెప్పక్కర్లేదు. పిట్టకి ఒమన్ పేరు పెడితే, సీతాకోకచిలుకకీ గులాబీకీ పాకిస్తాన్ పెట్టింది. ఈ ఆఖరి సంగతి దయచేసి గురువుగారి చెవిన వేయకండి. ఇంకో మూడు రోజులు ప్రవచనం పొడిగిస్తారు.

ఇక అసలు సంగతికి వస్తాను. మొదటిరోజు చివర్లో గురువుగారు "సందేహాలుంటే అడగవచ్చు" అన్నారు. ప్రవచనాల్లో ఈ మాట మర్యాద కోసం అంటారు తప్ప, ఎవరైనా అడుగుతారని కాదు. పెళ్లి భోజనంలో "ఇంకో లడ్డూ వేయనా" అన్నట్టు. మా అత్త చెయ్యెత్తింది. కుర్రాడొకడు మైకు తెచ్చి ఇచ్చాడు.

"బావూ, నాకు ముప్పై రెండు కొబ్బరిసెట్లు ఉండీవి. తిత్లీకి ఇరవై తొమ్మిది పడిపోనాయి. మూడు నిలబడిపోనాయి. ఆ మూడూ ఏటి పుణ్యం సేసుకున్నాయి బావూ?"

గురువుగారు నవ్వారు. "ఆ మూడైనా మిగిలాయంటే అది నీ పూర్వజన్మ సుకృతం తల్లీ."

"అలాగా. మరి మా పక్క తోటాయన ఉన్నాడు. పేరెందుకులే. గట్టు జరిపి నా జాగా రెండు గజాలు కలిపేసుకున్నాడు. ఆయనవి నలభై సెట్లల్ల పదే పడిపోనాయి. ఆయనకెంత సుకృతం ఉండాల?"

"కర్మ చాలా సూక్ష్మమమ్మా. మనకి అర్థం కాదు."

"అవును బావూ, నాకర్థం కాకే అడుగుతున్నాను. నాను పుట్టీకాడ నుంచి నైటీ ఎయ్యనేదు. మా కోడలు ఏస్తాది. ఆ ఏడు అది హైదరాబాదుల ఉంది, మా గుంటడికి వాచ్‌మెన్ పనైతే. నైటీ హైదరాబాదుల, సెట్లు ఉద్దానంల. గాలి ఎటెల్లాల?"

అప్పుడు నవ్వారు జనం. ఇందాక తలలూపిన జనమే. గురువుగారు నవ్వలేదు. కూలర్లు రెండూ తిరుగుతూనే ఉన్నా చెమట తుడుచుకున్నారు.

మా అత్తకి మాత్రం ఆయన్ని ఇరుకున పెట్టాలని లేదు. ఆవిడ నిజంగానే ఏడేళ్లుగా ఆ మూడు చెట్ల గురించి ఆలోచిస్తోంది. "మా ఆయన ఉంటే ఏరే సెప్పీవోడు," అంది. "ఆ మూడూ కుర్ర సెట్లు బావూ, పొట్టివి. గాలి పొడుగుసెట్టుని పట్టినట్టు పొట్టిసెట్టుని పట్టదు. పక్కాయన తోటకి ఆ వారన సరుగుడు ఉంది, దాని మాటున బతికిపోనాయి. అంతేనేమో అని నాకు…"

మైకు ఆగిపోయింది. బ్యాటరీ అయిపోయిందన్నాడు కుర్రాడు. చిత్రమేమిటంటే మరో నిమిషానికి మంగళహారతి దగ్గర అదే మైకు మళ్లీ పనిచేసింది.

ఈ మైకు సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 1934 జనవరి 15న బీహార్లో పెద్ద భూకంపం వచ్చి వేలమంది చనిపోయారు. అది అంటరానితనం అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నారు ఒక పెద్దమనిషి. ఆయన మామూలు మనిషి కాదు, గాంధీగారు. ఎంచుకున్న పాపమైనా నిజమైన పాపమే, నైటీ కాదు. అయినా ఠాగూరు ఊరుకోలేదు. భూమి కదలికలకీ మనుషుల నీతికీ ముడిపెట్టకూడదన్నాడు. ఇదే వాదనతో మీ ప్రత్యర్థులు ఆ భూకంపాన్ని మీ మెడకే చుట్టవచ్చు కదా అన్నాడు. గాంధీ ఏం చేశారు? తనని తప్పుపడుతూ ఠాగూరు రాసింది తన 'హరిజన్' పత్రికలోనే అచ్చువేశారు. తన మాట మీదే తాను నిలబడుతూ జవాబూ రాసుకున్నారు. ఆ రోజు మైకు గాంధీ చేతిలోనే ఉంది. బ్యాటరీ అయిపోలేదు.

మన గురువుగారికి చరిత్రలో అన్నలు చాలామంది ఉన్నారు లెండి. 1755 నవంబర్ 1న లిస్బన్‌లో భూకంపం వచ్చింది. ఆ రోజు క్రైస్తవులకి పెద్ద పండగ, జనం చర్చిల్లో ప్రార్థనలో ఉన్నారు. చర్చిలు వాళ్ల మీదే కూలాయి. అయినా అది పాపులకి పడ్డ శిక్షేనని ప్రబోధించిన మతగురువు ఉన్నాడు. 2013లో కేదారనాథ్‌లో కొట్టుకుపోయినవాళ్లలో దేవుణ్ణి చూడ్డానికి కొండెక్కినవాళ్లు ఎంతమందో. 2018 ఆగస్టులో కేరళ మునిగితే శబరిమల ఆడవాళ్ల కేసే కారణమన్నారు కొందరు. ఆ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది సెప్టెంబర్ 28న. తీర్పు కంటే ముందు శిక్ష అమలు చేసిన న్యాయస్థానం మరొకటి ఉంటే చెప్పండి.

గురువుగారి లెక్కలో నాకు అర్థంకానిది ఇంకొకటుంది. పాపాలు రోజురోజుకీ పెరుగుతున్నాయంటారు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేలమంది పోయారు. 1999లో ఒడిశా మహాతుపానులోనూ దాదాపు అంతే. నైటీలు ఇంత విచ్చలవిడిగా పెరిగిపోయాక వచ్చిన పైలీన్, తిత్లీల్లో పోయినవాళ్ల లెక్క పదుల్లోకి దిగింది. పాపం పెరిగితే శిక్ష తగ్గుతుందా? మధ్యలో ఎవరో అడ్డుపడుతున్నారు. ఎవరో కూడా తెలుసు. నాలుగు రోజుల ముందే తుపాను దారి గీసి చూపించే వాతావరణ శాఖవాళ్లు, ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయించి తుపాను షెల్టర్లలో పెట్టిన రెవెన్యూవాళ్లు, ముసలివాళ్లని వీపున మోసుకెళ్లిన కుర్రాళ్లు. దేవుడి విధులకి ఆటంకం కలిగించినందుకు వీళ్లందరి మీదా కేసు పెట్టాలి. గురువుగారు ఫిర్యాదుదారుగా సంతకం పెడతారా?

పెట్టరు. ఎందుకంటే ఆయన కూడా వాళ్లనే నమ్ముకున్నారు. మూడో రోజు ప్రవచనం గంట ముందే ముగించేశారు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందట, వాన పడకముందే విశాఖ చేరాలని డ్రైవరు తొందరపెడుతున్నాడు. ఏ నైటీ వల్ల ఏర్పడిందో గురువుగారు చెప్పలేదు.

నవ్వులాట చాలు. నాకు నిజంగా ఒళ్లు మండేది నైటీ దగ్గర కాదు.

ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస. కొబ్బరి మొక్క పెడితే కాపుకి ఆరేడేళ్లు ఆగాలి. కూతురు పుట్టిన ఏడు మొక్కలు పెట్టి, ఆ కాయలమ్మి దాన్ని డిగ్రీ చదివించి, పెళ్లి చేసినవాళ్లు ఉన్నారు మా వైపు. తెల్లారేసరికి ఆ చెట్లన్నీ ఒకే దిక్కుకి తలపెట్టుకుని పడుకుని ఉంటే, వాటి మధ్య నడుస్తూ ఏడవడం కూడా మర్చిపోయిన మనుషుల్ని నేను చూశాను. రోడ్లకి అడ్డంగా చెట్లు పడి, కరెంటు లేక, డయాలసిస్‌కి పోవాల్సిన వాళ్లని మంచాల మీద మోసుకుపోతుంటే చూశాను. అన్నట్టు ఉద్దానాన్ని ఏళ్లుగా పీడిస్తున్న ఆ కిడ్నీ జబ్బు కూడా రెండో రోజు ప్రవచనంలో వచ్చింది. నాగదోషమట. ఇన్నేళ్లుగా నీళ్లూ మట్టీ రక్తమూ పరీక్షిస్తూ, కారణం ఇదీ అని ఇంకా తేల్చలేదని ఒప్పుకుంటున్న డాక్టర్లు వెర్రివాళ్లు. పలాసలో రెండొందల పడకలతో కిడ్నీ ఆసుపత్రి కట్టినవాళ్లు ఇంకా వెర్రివాళ్లు. ఒక పుట్టలో పాలు పోస్తే పోయేదానికి!

ఇన్ని పోగొట్టుకున్నవాడి దగ్గరికి వచ్చి, వాడి ముందే కుర్చీ వేసుకుని, "నీ పాపమే" అనడానికి నోరెలా వస్తుంది? పాపం ఎప్పుడూ చెట్టు పడిపోయినవాడిదే ఎందుకవుతుంది? వాడి పెళ్లాందీ కూతురిదీ ఎందుకవుతుంది? నాగావళిలో, వంశధారలో ఇసుక తోడేసి గట్లు గుల్ల చేసినవాళ్లు ఉన్నారు. సముద్రం ఒడ్డున సరుగుడు తోటలు నరికేసినవాళ్లు ఉన్నారు. చెరువులు పూడ్చి ప్లాట్లు వేసినవాళ్లు ఉన్నారు. తుపాను మర్నాడు కొవ్వొత్తి ఇరవై రూపాయలకి అమ్మినవాడు ఉన్నాడు. నష్టపరిహారం జాబితాలో చెట్టే లేనివాడి పేరు ఎక్కించి, చెట్లు పోయినవాణ్ణి పాస్‌బుక్ చూపించమన్నవాడు ఉన్నాడు. మూడు రోజుల ప్రవచనంలో వీళ్లలో ఒక్కడి పాపం గురించి ఒక్క ముక్క లేదు. ఎలా ఉంటుంది? ఇసుక లారీల ఆసామి ఫోటో మండపం బయట ఫ్లెక్సీలో గురువుగారి భుజం పక్కనే ఉంది, దండం పెడుతూ. కూలర్లు ఆయనవే.

చివర్లో గురువుగారికి శాలువా కప్పారు. పళ్లెంలో తాంబూలం, పళ్లు, కొబ్బరికాయ పెట్టి ఇచ్చారు. తొందరలో ఆయన శాలువా, కవరూ తీసుకుని కారెక్కారు, పళ్లెం కుర్చీ మీదే ఉండిపోయింది. మా అత్త మెల్లగా మెట్లెక్కి వెళ్లి కొబ్బరికాయ చేతిలోకి తీసుకుంది. పీచు నలిపి చూసింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

"ఇది మన ఉద్దానం కాయి కాదురా. నీళ్లు కూడా సరిగ్గా నేవు," అంది.

పెట్టేస్తుందేమో అనుకున్నాను. సంచిలో వేసుకుంది. "పచ్చట్లోకి పనికొస్తాదిలే. పద, వానొచ్చేలా ఉంది."